పడే క్షణంలో ప్యాడ్ ఎక్కడ ఉంటుంది? మౌంటెన్ బైకింగ్‌కు బాడీ ఆర్మర్ ఎంచుకోవడం గురించి

మౌంటెన్ బైకింగ్ కొత్తగా మొదలుపెట్టినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ఏ బాడీ ఆర్మర్ కొంటే మంచిది? ఎక్కువ మందంగా ఉన్నదీ, శరీరాన్ని ఎక్కువగా కప్పేదీ ఎక్కువ కాపాడుతుందన్న నమ్మకం ఈ ప్రశ్న వెనుక ఉంటుంది. ఆ నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. అయితే నా దృష్టిలో అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. పడిన క్షణంలో, సరిగ్గా నేల తగిలే చోట, ఆ ప్యాడ్ ఉంటుందా? ఎక్కేటప్పుడు ఉక్కగా ఉందని విప్పి బ్యాగులో పెట్టి మరిచిపోయిన ప్యాడ్, తొక్కుతూ ఉండగా పిక్క మీదికి జారిపోయిన ప్యాడ్, నేలకు రాసుకోగానే పక్కకు తిరిగిపోయే ప్యాడ్ ఎంత గొప్ప పరీక్ష నెగ్గినా ఉపయోగం లేదు. నేను ఏ కవచాన్ని చూసినా ముందు దీన్నే చూస్తాను. మందం, పదార్థం, ప్రమాణం అన్నీ దీని తరువాతే.

కవచం గురించి మాట్లాడాలంటే మొదట పడడం గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఈ ఆటలో మనిషి పడే తీరులు కొన్నే. మలుపులో వదులు మట్టి మీద ముందు చక్రం పట్టు తప్పినప్పుడు బైకుతో పాటు మనిషి ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోతాడు. చెయ్యి అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు కాబట్టి తుంటి, మోచేయి, భుజం, మోకాలి బయటి వైపు దాదాపు ఒకేసారి నేలను తాకుతాయి. ముందు చక్రం ఏ రాయి దగ్గరో గుంతలోనో నిలిచిపోయి, హ్యాండిల్ బార్ మీదుగా ముందుకు ఎగిరిపడినప్పుడు అరచేతులు, ముంజేతులు, ముఖం, భుజాలు దెబ్బతింటాయి. వేగాన్ని బట్టి, నేల వాలును బట్టి ఛాతీ, మోకాళ్లు, వీపు వరకూ వస్తుంది. ఇక పాదం జారి పెడల్ తిరిగి వచ్చి మోకాలి కింది ఎముకకు తగలడం అనేది అసలు పడకుండానే జరిగే గాయం. వీటిలో మీకు ఏది ఎక్కువగా ఎదురవుతుందన్నది మీరు తొక్కే దారిని బట్టి, వేగాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఇంకొకరికి సరిపోయిన కవచం మీకూ సరిపోవాలన్న నియమం లేదు.

ప్యాడ్ చేసే పని రెండు రకాలు. మొదటిది చర్మం దోక్కుపోకుండా ఆపడం. రెండోది దెబ్బను ఒక బిందువు దగ్గర కాకుండా కొంచెం వెడల్పు మీద పరచి, కొంచెం ఎక్కువ సమయం మీద సర్ది, ఎముక మీద పడే బలాన్ని తగ్గించడం. ఈ రెండూ వేర్వేరు పనులు. కెవ్లార్ వంటి అరామిడ్ బట్ట రాపిడికి, కోతకు బాగా తట్టుకుంటుంది గానీ ఒక్క పొర బట్ట దెబ్బను పీల్చుకోదు. మెత్తటి ఫోమ్ దెబ్బను పీల్చుకుంటుంది గానీ పైన గట్టి బట్ట లేకపోతే కంకర మీద ఒక్క జారుడుకే చిరిగిపోతుంది. మంచి ప్యాడ్‌లో రెండూ ఉంటాయి. కొనేటప్పుడు లోపలి ఫోమ్‌ను నొక్కి చూసేవారు చాలామంది ఉంటారు. పైబట్టను, దాని కుట్లను చూసేవారు తక్కువ. కుట్టు సరిగ్గా మోకాలి చిప్ప మీదుగా వెళ్లే ప్యాడ్‌ను నేను తీసుకోను, ఎందుకంటే మొదట రాసుకునేది ఆ కుట్టే.

చేయని పనుల గురించి కూడా స్పష్టంగా ఉండాలి. చెయ్యి చాచి పడినప్పుడు బలం అరచేతి నుంచి ముంజేయి, భుజం మీదుగా పైకి పాకి కాలర్ బోన్‌ను విరుస్తుంది. భుజం మీద ఎంత మందపాటి ప్యాడ్ ఉన్నా ఆ మార్గానికి అడ్డం రాదు. మోకాలు మెలితిరిగి లిగమెంట్ తెగడాన్ని మామూలు నీ ప్యాడ్ (knee pad, అంటే మోకాలి ప్యాడ్) ఆపదు. అందుకు లోహపు కీళ్లతో, గట్టి చట్రంతో వేరే బ్రేస్‌లు ఉంటాయి. మణికట్టు విరగడాన్ని మామూలు గ్లవ్స్ ఆపవు. వెన్ను విషయం ఇంకా ముఖ్యమైనది, దాని దగ్గరికి తరువాత వస్తాను. ఈ పరిమితులు తెలిసి వేసుకున్నవారు కవచం ఉంది కదా అని తమకు రాని దూకుడుకు దిగరు. అందుకే ఈ మాట ఎంపిక కంటే ముందే చెప్పాలనిపించింది.

ఒకే ఒక్క జత కొనగలిగితే, హెల్మెట్, గ్లవ్స్ తరువాత, నీ ప్యాడ్లే కొనమంటాను. మోకాలి చిప్పకూ బయటి లోకానికీ మధ్య పలుచని చర్మం తప్ప దాదాపు ఏమీ లేదు. తొడలో, పిరుదులో ఉన్నట్టు అక్కడ కండ లేదు, కొవ్వు లేదు. పైగా ఏ రకంగా పడినా మోకాలు ఎక్కడో ఒక చోట నేలకు తగులుతుంది. చిప్ప మీద చర్మం లోతుగా తెగితే, మడత పడిన ప్రతిసారీ ఆ గాయం విచ్చుకుంటుంది కాబట్టి మానడానికి చాలా కాలం పడుతుంది. కీలు వరకూ దిగిన గాయం ఇన్ఫెక్షన్‌కు దారి తీస్తే అది చిన్న విషయం కాదు.

నీ ప్యాడ్‌లు స్థూలంగా మూడు తరహాలు. మొదటిది పలుచని స్లీవ్: మేజోడులా కాలికి ఎక్కించుకునేది, చిప్ప ముందు సన్నని ఫోమ్ మాత్రమే ఉండేది. రెండోది మధ్య రకం: అదే స్లీవ్ రూపంలో ఉంటూ ముందు మందమైన ప్యాడ్, పక్కలకు ఫోమ్, పైన ఒక వెల్‌క్రో పట్టీ ఉండేది. మూడోది పెద్ద తరహా: గట్టి ప్లాస్టిక్ చిప్ప, చుట్టూ దట్టమైన ఫోమ్, రెండు మూడు పట్టీలు, కొన్నిసార్లు పిక్క కింది వరకూ దిగే షిన్ గార్డు. ఎక్కువమంది రైడర్లకు సరిపడేది మధ్య రకమేనని నా నమ్మకం. పలుచనివి రోజంతా ఉన్న సంగతే తెలియనంత సౌకర్యంగా ఉంటాయి గానీ పదునైన రాయి మీద పడితే అవి ఇచ్చేది చర్మ రక్షణే తప్ప ఎముక రక్షణ కాదు. పెద్దవి లిఫ్ట్ ఎక్కి పైకి చేరి కిందికి మాత్రమే దిగేవారి కోసం చేసినవి. సొంత కాళ్లతో గంటసేపు ఎక్కవలసినవారు వాటిని విప్పకుండా ఉండలేరు. విప్పితే మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

వేసుకుని చూడడం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అద్దం ముందు నిలబడి చూసుకుంటే తెలిసేది చాలా తక్కువ. మొదట టేపుతో కొలవండి. ప్రతి కంపెనీ కొలత పట్టికలో తొడ చుట్టుకొలతను చిప్ప పైన ఎన్ని సెంటీమీటర్ల దగ్గర తీసుకోవాలో ఉంటుంది, పిక్క చుట్టుకొలతకూ అలాగే. ఆ దూరం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ మీడియంతో సమానం కాదు. రెండు కాళ్లూ కొలవాలి, పెద్ద కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. కొలత రెండు సైజుల మధ్య పడితే చాలామంది వదులుగా ఉన్నది తీసుకుంటారు. నేను చిన్నదాన్ని ముందు వేసుకుని చూస్తాను, ఎందుకంటే సాగే బట్ట కొన్ని రైడ్‌ల తరువాత ఎలాగూ కొంత సడలుతుంది. అయితే కాలు తిమ్మిరెక్కినా, చర్మం మీద లోతైన గీత పడినా అది మరీ చిన్నదని అర్థం.

వేసుకున్నాక కుర్చీ అంచున కూర్చుని మోకాలిని తొంభై డిగ్రీలకు వంచండి. ఇప్పుడు ప్యాడ్ మధ్య భాగం చిప్ప మీద సరిగ్గా కూర్చుందా, పైకి లేచి కింద ఖాళీ వదిలిందా చూడండి. నిటారుగా నిలబడినప్పుడు మధ్యలో కనబడే ప్యాడ్, వంచినప్పుడు తొడ వైపు లాక్కుపోయి, చిప్ప కింద ఎముక మొదలయ్యే గుబ్బను బయట పెట్టేయడం చాలా మామూలు. పడేటప్పుడు మోకాలు వంగే ఉంటుంది కాబట్టి వంగిన స్థితిలో కప్పేదే లెక్క. తరువాత ప్యాడ్ పై అంచును పట్టుకుని కిందికి గట్టిగా లాగండి. పొడి చర్మం మీద కొంచెం కూడా జారితే, చెమట పట్టిన చర్మం మీద పిక్క దాకా వచ్చేస్తుంది. అరచేతిని ప్యాడ్ ముందు ఆనించి పక్కకు తిప్పండి. నేలకు రాసుకున్నప్పుడు పడే బలం ఇలాంటిదే. చివరగా, వీలైతే సైకిల్ ఎక్కి, లేకపోతే మెట్ల మీద, కనీసం పది నిమిషాలు కాళ్లు ఆడించండి. మోకాలి వెనుక మడతలో బట్ట ముద్దగా పోగుపడితే అక్కడ రాపిడి మొదలవుతుంది. మొదటి పది నిమిషాల్లో చిరాకుగా ఉన్నది రెండో గంటలో పుండు చేస్తుంది. వెనుక భాగంలో కోసి వదిలిన ఖాళీ గానీ, పలుచని జాలీ బట్ట గానీ ఉన్నవాటిని నేను ఇష్టపడడానికి కారణం ఇదే.

జారకుండా పట్టి ఉంచేవి రెండు: పై అంచు లోపల ఉండే సిలికాన్ పట్టీ, బయటి వెల్‌క్రో. సిలికాన్ నేరుగా చర్మాన్ని పట్టుకున్నప్పుడే పనిచేస్తుంది. కాబట్టి ప్యాడ్ కింద పొడవాటి లైక్రా (సాగే బిగుతు బట్ట) వేసుకునే అలవాటున్నవారు దానితోనే వేసుకుని చూడాలి. వెల్‌క్రో పట్టీ మోకాలి వెనుక మడత మీదుగా కాకుండా తొడ కండ మీదుగా చుట్టాలి. దారి పొడుగునా ఎక్కి, ఒక్కసారిగా పొడవైన దిగుడుకు చేరేవారికి, షూ విప్పకుండా తొడుక్కోగలిగే జిప్ లేదా పట్టీల ప్యాడ్ ఉపయోగకరం. ఎక్కడం దిగడం కలిసిపోయిన దారుల్లో తొక్కేవారికి స్లీవ్ మేలు. రెండో రకం దారిలో ప్రతి చిన్న దిగుడుకూ ఆగి ప్యాడ్ తొడుక్కునేవారిని నేను చూడలేదు.

ఇక పదార్థాలు. పాత తరహా ఈవీఏ ఫోమ్ తేలిక, నమ్మదగినది, కానీ తగినంత రక్షణ కోసం మందంగా ఉండాలి, మందంగా ఉంటే కీలుతో పాటు వంగదు. గట్టి ప్లాస్టిక్ చిప్ప రాతి మొనను లోపలికి దిగనివ్వదు, పైగా రాతి మీద జారిపోతుంది. ఈ జారడం మంచిదే, ఎందుకంటే ప్యాడ్ నేలను పట్టుకుని ఆగిపోతే శరీరం ముందుకు పోతూ ఉంటుంది, ఆ తేడా కీలు మీదే పడుతుంది. రాళ్లు దట్టంగా ఉన్న వాలులో వేగంగా దిగేవారికి ప్లాస్టిక్ చిప్ప ఇంకా అర్థవంతమైనదే. ఈ మధ్య కాలంలో ఎక్కువగా కనబడేవి మాత్రం విస్కోఎలాస్టిక్ పదార్థాలు. నీటిలో చెయ్యి మెల్లగా ముంచితే దారి ఇచ్చే నీరే, అరచేత్తో చరిస్తే గట్టిగా ఎదురు తిరిగినట్టు, ఇవి మెల్లని కదలికకు వంగి, వేగమైన దెబ్బకు బిగుసుకుంటాయి. 1999లో బ్రిటన్‌లో రిచర్డ్ పామర్ రూపొందించిన డీ3ఓ వీటిలో అందరికీ తెలిసిన పేరు. దాని నారింజ రంగును చూసే గుర్తుపట్టేవారు ఉన్నారు. సాస్‌టెక్, పోరాన్ ఎక్స్‌ఆర్‌డీ వంటివీ ఇదే కోవకు చెందుతాయి.

ఈ పదార్థాల గుణం ఉష్ణోగ్రతతో మారుతుందన్న సంగతి కొనేవారికి ఎవరూ చెప్పరు. చలిలో గట్టిపడతాయి, వేడిలో మెత్తబడతాయి. చల్లని గదిలో వేలితో నొక్కినప్పుడు బిర్రుగా అనిపించిన ప్యాడ్ శరీరపు వేడికి కొద్ది నిమిషాల్లో కాలి ఆకారానికి ఒదుగుతుంది. కాబట్టి వేసుకున్న వెంటనే బిగుసుగా ఉందని పక్కన పెట్టేయకండి. మరీ చలి ప్రాంతాల్లోనో మరీ ఎండలోనో తొక్కేవారు అదే పదార్థం ఆ ఉష్ణోగ్రతల్లో పరీక్షకు నిలిచిందో లేదో లేబుల్ మీద చూడవచ్చు.

ఆ లేబుల్ ఒకసారి దగ్గరగా చదవదగినది. స్లీవ్ లోపలి వైపు కుట్టిన చిన్న బట్ట ముక్క మీదో, ప్యాడ్ మీద అచ్చుపోసిన అక్షరాల్లోనో ఒక మోటార్‌సైకిల్ బొమ్మ కనబడుతుంది. సైకిల్ ప్యాడ్ మీద మోటార్‌సైకిల్ బొమ్మ ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. మౌంటెన్ బైకింగ్ ప్యాడ్లను చాలా కంపెనీలు మోటార్‌సైకిల్ రైడర్ల కోసం రాసిన యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 1621 ప్రకారమే పరీక్ష చేయిస్తాయి. అందులో మొదటి భాగం, అంటే ఈఎన్ 1621-1, మోకాలు, మోచేయి, భుజం, తుంటి వంటి అవయవాల ప్యాడ్లకు సంబంధించినది. 1621-2 వీపుకు, 1621-3 ఛాతీకి. బొమ్మ పక్కన ఉండే కె అంటే మోకాలు, ఇ అంటే మోచేయి, ఎస్ అంటే భుజం, హెచ్ అంటే తుంటి. ఎ, బి అన్న టైపులు కప్పే విస్తీర్ణాన్ని చెబుతాయి, బి పెద్దది. 1, 2 అన్న అంకెలు స్థాయిని చెబుతాయి. టి ప్లస్ అని ఉంటే 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, టి మైనస్ అని ఉంటే సున్నాకు 10 డిగ్రీల కింద కూడా పరీక్షించారని అర్థం.

స్థాయి అంటే ఏమిటో తెలిస్తే ఆ అంకెకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. ఈ పరీక్షలో 5 కిలోల బరువును సుమారు ఒక మీటరు ఎత్తు నుంచి ప్యాడ్ మీద వదులుతారు. ఆ దెబ్బ శక్తి 50 జౌల్స్. ప్యాడ్ కిందికి ఎంత బలం చేరిందో కొలుస్తారు. అవయవాల ప్యాడ్లలో మొదటి స్థాయికి ఆ బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకూడదు, రెండో స్థాయికి 20 మించకూడదు. వీపు ప్యాడ్ల మీద దెబ్బ శక్తి అంతే గానీ హద్దులు ఇంకా కఠినం: మొదటి స్థాయికి 18, రెండో స్థాయికి 9. రెండు స్థాయిల మధ్య తేడా చిన్నది కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. అయితే ఈ పరీక్షలో ప్యాడ్ దిమ్మె మీద కదలకుండా ఉంటుంది. చెమట ఉండదు, జారడం ఉండదు. కాళ్ల దగ్గర కుదురుగా నిలబడే మొదటి స్థాయి ప్యాడ్‌ను, జారిపోయే రెండో స్థాయి ప్యాడ్ కంటే నేను మేలైనదిగా భావిస్తాను. రెండూ సమానంగా కుదిరితే మాత్రం రెండో స్థాయి తీసుకోవడానికి సంకోచించకూడదు. ప్రమాణం సంఖ్య ఏదీ లేకుండా కేవలం సీఈ అన్న యూరోపియన్ నిబంధనల గుర్తు మాత్రమే ఉంటే, ఆ ప్యాడ్ ఈ దెబ్బ పరీక్ష నెగ్గిందని దాన్నిబట్టి అనుకోవడానికి వీల్లేదు. గుర్తు పక్కన 1621 అన్న సంఖ్య ఉందో లేదో వెతకండి.

మోచేతి ప్యాడ్‌లకు ఇదే తర్కం వర్తిస్తుంది కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్క తేడా ఉంది: ముంజేయి మణికట్టు వైపు సన్నబడుతుంది కనుక ఎల్బో ప్యాడ్ కిందికి జారడం మోకాలి ప్యాడ్ కంటే సులభం. పై అంచు కండర భాగాన్ని గట్టిగా పట్టుకోకపోతే కుదుపుల దారిలో అది మణికట్టుకు చేరుతుంది. మరీ బిగుతుగా ఉంటే ముంజేతి కండరాలు త్వరగా పట్టేస్తాయి, బ్రేక్ నొక్కే వేళ్లు అలసిపోతాయి. అలా అలసిపోయిన వేళ్లే పడడానికి కారణమవుతాయి. అందువల్ల మోచేతుల విషయంలో నేను తేలికైన వాటి వైపే మొగ్గుతాను.

వెన్ను కవచం గురించి ఎక్కువ అపోహలు ఉన్నాయి. బ్యాక్ ప్రొటెక్టర్ వేసుకుంటే వెన్నెముక విరగదని చాలామంది అనుకుంటారు. వెన్నుపూసలు, వెన్నుపాము దెబ్బతినే తీవ్రమైన ప్రమాదాల్లో అనేకం వీపు మీద నేరుగా తగిలిన దెబ్బ వల్ల కాక, తల మీదో భుజాల మీదో పడి వెన్ను నిలువునా నలిగిపోవడం, లేదా అతిగా వంగి మెలితిరగడం వల్ల జరుగుతాయి. వీపుకు కట్టిన ఫోమ్ పలక ఆ బలాలను ఆపలేదు. అది ఆపగలిగేది రాతి మొన, చెట్టు మొద్దు, హ్యాండిల్ బార్ వంటివి వీపులో, పక్కటెముకల్లో నేరుగా దిగడాన్ని. ఆ పని కూడా చిన్నదేమీ కాదు; రాళ్లమయమైన దారిలో వీపు మీద పడి లేచి నడిచినవారికి దాని విలువ తెలుసు. కానీ అది ఇచ్చేది అంతవరకే.

వీపుకు మూడు మార్గాలు ఉన్నాయి: బిగుతైన బనియన్‌లా వేసుకునే ప్రొటెక్టర్ చొక్కా, భుజాలు, ఛాతీ, మోచేతులు అన్నీ కలిపిన పూర్తి జాకెట్, వెనుక పలకలో రక్షణ ఫోమ్ అమర్చిన బ్యాక్‌ప్యాక్. ఎలాగూ నీళ్లు, పనిముట్లు మోయాలి కాబట్టి మూడోది ట్రెయిల్ (trail, అంటే ఎక్కుడు దిగుళ్లు కలిసిన కొండ దారులు) రైడర్లకు చాలా అనుకూలం. నడుముకూ ఛాతీకీ పట్టీలు బిగించి, పడినప్పుడు బ్యాగు మెడ మీదికి ఎగదన్నకుండా చూసుకోవాలి. బ్యాగులో గాలి పంపు వంటి గట్టి వస్తువులను వెన్ను వైపు పెట్టకూడదు. రక్షణ పలక, మెత్తని వస్తువులు, ఆ తరువాతే లోహపు పనిముట్లు. పూర్తి జాకెట్ కొనేవారు దాని భాగాలన్నీ ఒకే ప్రమాణానికి లోబడ్డాయా అని చూడాలి. వీపు పలక మాత్రమే ధ్రువీకరణ పొంది, భుజాల దగ్గర ఉత్త ఫోమ్ ఉన్న జాకెట్లు ఉంటాయి. వీపు లేబుల్ మీద ఎఫ్‌బీ అని ఉంటే పూర్తి వీపు, సీబీ అంటే మధ్య వీపు, ఎల్‌బీ అంటే నడుము భాగం. పలక పొడవు మీ నడుము నుంచి భుజాల వరకు ఉన్న కొలతతో సరిపోవాలి. తల పైకెత్తి ముందుకు చూసే భంగిమలో వంగినప్పుడు పలక పై అంచు హెల్మెట్ వెనుక భాగాన్ని తోస్తే, దిగుడులో ముందు చూపు పడిపోతుంది. ఇది చిన్న అసౌకర్యం కాదు, ప్రమాదం.

నెక్ బ్రేస్ వేరే విషయం. దక్షిణాఫ్రికాకు చెందిన వైద్యుడు క్రిస్ లియట్ పేరుతో ప్రసిద్ధమైన ఈ పరికరం, తల అతిగా వంగినప్పుడు హెల్మెట్ అంచు బ్రేస్ మీద ఆని ఆ బలం భుజాలకు, ఛాతీకి చేరేలా చేస్తుంది. ఆ ఆనిక దవడను కూడా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్‌తోనే సాధ్యం. కాబట్టి సాధారణ ట్రెయిల్ హెల్మెట్‌తో దాన్ని వాడడంలో అర్థం లేదు.

హెల్మెట్ గురించి ప్రత్యేకంగా రాయవలసినంత ఉంది, ఇక్కడ ఒక్క మాట మాత్రం చెబుతాను. హెల్మెట్‌కు దవడ భాగం ఉన్నంత మాత్రాన ఆ దవడ కడ్డీని పరీక్ష చేయించినట్టు కాదు. సైకిల్ హెల్మెట్లకు మామూలుగా కనబడే ఈఎన్ 1078 ప్రమాణంలో దవడ కడ్డీ పరీక్ష లేదు. డౌన్‌హిల్ (కొండ మీది నుంచి వేగంగా దిగే తరహా) కోసం ఉద్దేశించిన అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్1952లో ఉంది. ముఖం కాపాడుకోవడానికే ఫుల్ ఫేస్ కొంటున్నప్పుడు ఆ సంఖ్య లేకుండా కొనకండి.

కాళ్ల ముందు ఎముకకు షిన్ గార్డు అవసరమా అన్నది మీ పెడల్ మీద ఆధారపడి ఉంటుంది. ఫ్లాట్ పెడల్‌కు పాదం జారకుండా లోహపు పిన్నులు ఉంటాయి. పాదం జారితే ఆ పిన్నులే ఎముక మీద చర్మాన్ని చీలుస్తాయి, ఆ మచ్చలు జీవితాంతం ఉంటాయి. షూ పెడల్‌కు బిగిసి ఉండే క్లిప్ పెడల్ వాడేవారికి ఈ బెడద తక్కువ. తుంటికి ప్యాడ్ ఉన్న లోపలి షార్ట్స్ కొత్త మలుపులు నేర్చుకునేవారికి మంచివి, ఎందుకంటే నేర్చుకునే దశలో పక్కకు పడడమే ఎక్కువ. గ్లవ్స్ నిండు వేళ్లవే ఉండాలి. పడినప్పుడు అరచెయ్యి ముందుకు పోవడం మన చేతుల్లో లేని ప్రతిచర్య.

పొట్టకు మాత్రం ఏ సాధారణ కవచమూ లేదు, పైగా హ్యాండిల్ బార్ కొన పొట్టలో దిగడం వల్ల కాలేయం, ప్లీహం వంటి అవయవాలు దెబ్బతినడం, ముఖ్యంగా పిల్లల్లో, వైద్యులకు బాగా తెలిసిన గాయం. దీనికి జవాబు కవచంలో కాక సైకిల్‌లోనే ఉంది. బార్ కొనలను మూసే చిన్న ప్లగ్గులు ఊడిపోయి ఉంటే, గ్రిప్ చివర చిరిగి గొట్టం బయటపడితే, ఆ గుండ్రని పదునైన అంచు చర్మాన్ని కోసే పరికరమే. ఆ ప్లగ్గులు సరిచేయకుండా ఛాతీ కవచం కోసం వెతకడం వ్యర్థం. పిల్లలకు కవచం కొనేవారు మరొకటి గమనించాలి: పెరుగుతారు కదా అని ఒక సైజు పెద్దది కొనడం బట్టల విషయంలో చెల్లుతుంది, ప్యాడ్ విషయంలో చెల్లదు. ఈ ఏడాది జారిపోయే ప్యాడ్ ఈ ఏడాది పిల్లవాణ్ణి కాపాడదు.

పోటీల్లో నియమం ఎలా ఉందో చూస్తే ప్రాధాన్యాల గురించి కొంత అర్థమవుతుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ డౌన్‌హిల్ రేసులోనూ, దాని సాధనలోనూ ఫుల్ ఫేస్ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. వీపు, మోచేతులు, మోకాళ్లు, భుజాల రక్షణను, నిండు వేళ్ల గ్లవ్స్‌ను గట్టిగా సిఫార్సు చేస్తుంది. క్రాస్ కంట్రీ రైడర్లు ప్యాడ్లు లేకుండా కనబడడానికి కారణం వారికి ప్రమాదం లేదని కాదు. వారి పోటీలో ఎక్కడమే ప్రధానం, వేడి బయటికి పోవడం, బరువు తగ్గడం అక్కడ గెలుపోటములను తేలుస్తాయి. పోటీ పడని మనం వారిని చూసి మోకాళ్లు వదిలేయనవసరం లేదు. ట్రెయిల్ దారుల్లో మధ్య రకం నీ ప్యాడ్, గ్లవ్స్, మంచి హెల్మెట్. ఎండ్యూరో తరహాలో, అంటే సొంతంగా ఎక్కి దిగుడులో వేగంగా తొక్కేటప్పుడు, వాటికి తోడు తేలికపాటి ఎల్బో ప్యాడ్, వీపు రక్షణ. బైక్ పార్కులో, పెద్ద జంపుల దగ్గర ఫుల్ ఫేస్ హెల్మెట్, పూర్తి స్థాయి కవచం. నేను అడిగినవారికి చెప్పే క్రమం ఇది. ఎండ ఎక్కువగా ఉన్న రోజున మాత్రం ఎక్కువ కప్పుకోవడం కంటే తక్కువ దూరం తొక్కడం మంచిది. వడదెబ్బ సూచనలు మొదలైన మనిషి చక్రం పోవలసిన దారిని సరిగ్గా ఎంచుకోలేడు, బ్రేక్ సమయానికి నొక్కలేడు.

కొన్న తరువాత చూసుకోవలసింది కొంచెమే. ప్యాడ్ ఇన్సర్ట్ తీసేయడానికి వీలుంటే తీసి, స్లీవ్‌ను వేరుగా చల్లని నీటిలో ఉతకాలి. వెల్‌క్రోను మూసి ఉతకకపోతే అది స్లీవ్ బట్టనే పీకుతుంది. నేరుగా ఎండలో, హీటర్ మీద, మూసిన కారు వెనుక అద్దం కింద ఆరబెట్టకూడదు. వేడి ఫోమ్‌నూ సిలికాన్‌నూ రెండింటినీ పాడు చేస్తుంది. ఇన్సర్ట్‌ను తిరిగి పెట్టేటప్పుడు ఏ వైపు బయటికి ఉండాలో, ఏది కుడికాలిదో చూసి పెట్టాలి. గట్టి దెబ్బ తిన్న తరువాత ఫోమ్‌ను వంచి పగుళ్లు, తెల్లని గీతలు, నొక్కుకుపోయిన గుంతలు ఉన్నాయేమో వెలుతురులో పరిశీలించాలి. ప్లాస్టిక్ చిప్పకు వెంట్రుకంత బీట వచ్చినా మార్చాలి. అయితే చాలా ప్యాడ్‌లలో ఫోమ్ కంటే ముందు అయిపోయేది సాగే గుణమే. సిలికాన్ పట్టీ నున్నగా అయిపోయి, పై అంచు అలలు అలలుగా వదులైపోయిన స్లీవ్‌ను, కొత్తలో చేసినట్టే కుర్చీ అంచున కూర్చుని మోకాలు వంచి కిందికి లాగి చూడండి. వస్తే, లోపలి ప్యాడ్ ఎంత కొత్తగా కనబడినా, ఆ జతను మార్చే సమయం వచ్చింది.